నల్లరాతి కోర్టులో నా కెప్టెన్సీ

ఈ రోజు మీ మనసు బాగాలేకపోతే ఇది చదవండి. ఒక మనిషి తన గొయ్యి తానే తవ్వుకుని, దానికి పాలిష్ కూడా పట్టించుకుని, ఊరంతా చూస్తుండగా అందులోకి జారిన వైనం ఇది. ఆ మనిషి నేనే. వేరేవాడి మీదికి తోసేద్దామనుకున్నాను గానీ, వీడియో ఉంది.

చీమకుర్తిలో డిగ్రీ రెండో ఏడు చదివే రోజుల్లో నేను మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడేవాణ్ణి. బాగానే ఆడేవాణ్ణి. గొప్ప చెప్పుకోవడం కాదు, మా కోచ్ మస్తాన్ సార్ కూడా ఒప్పుకునేవారు, కాకపోతే నా ఎదుట కాదు. నాకున్నది ఒక్కటే కోరిక, యూనివర్సిటీ జట్టులో చోటు. ఆ జెర్సీ దొరికితే విప్పకుండా వారం రోజులు తిరగాలని కూడా నిర్ణయించుకున్నాను.

మా ఊరి మీదుగా గ్రానైట్ క్వారీ లారీలు తిరుగుతాయి కాబట్టి తెల్లారేసరికి కోర్టు నిండా రాతిపొడి పేరుకునేది. అది ఊడిస్తేగాని సార్ బంతి ముట్టనిచ్చేవారు కాదు. చీపురు ఎవరికి? కిందటి రోజు ఎక్కువ పాయింట్లు కొట్టినవాడికి. అంటే రోజూ నాకే.

"సార్, నేను స్టార్ ప్లేయర్‌ని సార్!"

"అందుకే గదరా, పెద్ద చీపురు ఇచ్చా."

ఇట్లా నేను మండిపోతున్న రోజుల్లో కోటేశ్వరరావు గారు కబురు పెట్టారు. ఆయనది గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. మా నాన్న పాలిష్ మిషన్ నడిపేది ఆయన దగ్గరే. ఫోన్‌లో నా ఆట చూసి ముచ్చటపడ్డారట.

"అబ్బాయ్, యూనిట్ పేరుతో క్లబ్బు పెట్టి, పక్కనే రేకుల షెడ్డేసి కోర్టు కట్టిస్తున్నా. మన క్లబ్బుకి నువ్వే కెప్టెన్‌వి. మొదటి మ్యాచ్‌కి యూనివర్సిటీ సెలెక్టర్ గారిని పిలుస్తా. ఏమంటావ్?"

"కోర్టు నేనే ఊడవాలాండీ?"

"నువ్వెందుకు ఊడుస్తావయ్యా, మనుషుల్లేరూ? ఇంకో సంగతి విను. చీమకుర్తిలో ఉండి సిమెంటు కోర్టు వేస్తే నలుగురూ నవ్వరూ? పూర్తిగా నల్ల గ్రానైట్! విదేశాల వాళ్లు ఎయిర్‌పోర్టుల్లో వేసుకునే రాయి!"

బుర్ర ఉన్నవాడెవడైనా ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతాడు. నేనూ అడిగాను. "కెప్టెన్ జెర్సీ ఏ రంగండీ?" అని.

మర్నాడు జట్టంతా చూస్తుండగా, అద్దం ముందు బట్టీ పట్టిన ఉపన్యాసం మస్తాన్ సార్‌కి అప్పజెప్పాను. "సార్, ఇన్నాళ్లు నేర్పినందుకు కృతజ్ఞతలు. ఇకపై నా స్థాయికి తగిన వేదిక మీద ఆడదలచుకున్నాను."

"ఎక్కడరా ఆ వేదిక?"

చెప్పాను.

"పాలిష్ రాతి మీదా? ఒరేయ్ నాగేశూ, ఇల్లు తుడిస్తేనే గోడ పట్టుకుని నడుస్తాం. దాని మీద బాస్కెట్‌బాల్ ఎట్టా ఆడతార్రా?"

"మీకు అసూయ సార్."

అవును, అన్నాను. ఇప్పటికీ స్నానం చేస్తుంటే ఆ మాట గుర్తొచ్చి మగ్గుతో నెత్తిమీద కొట్టుకుంటాను. సార్ ముఖం చిన్నబోయింది. "సరే, వెళ్లు" అన్నారంతే.

యూనిట్‌లో పనిచేసే కుర్రాళ్లు నలుగురు, నేను కలిసి రెండు నెలలు యూనిట్ వెనక మట్టినేల మీద సాధన చేశాం. కోచ్ లేడు, అదీ నేనే. మ్యాచ్ ముందురోజు సాయంత్రానికి గాని కోర్టు పూర్తి కాలేదు. నాన్న ఇంటికొచ్చి గుట్టుగా చెప్పాడు.

"అందరికీ పట్టినట్టు పట్టలేదురా. నువ్వాడే కోర్టని ఇంకో రెండుసార్లు ఎక్కువ పాలిష్ పట్టా. వంగి చూస్తే తల దువ్వుకోవచ్చు."

నాన్న అప్పటిదాకా బాస్కెట్‌బాల్ చూడలేదు. ఎంత మెరిస్తే అంత గొప్ప అని మాత్రం తెలుసు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మ్యాచ్ మా కాలేజీ జట్టుతోనే. మస్తాన్ సార్ రాగానే నేలని అరచేత్తో రాసి చూసి, పక్కన ఒక తడిగోనె పరిపించారు. కాలేజీ కుర్రాళ్లు బూట్ల అడుగున రాతిపొడి పోయేలా దాని మీద తుడుచుకుని మరీ దిగారు. "చుట్టపుచూపుగా వచ్చినట్టున్నారు!" అని నేను పడీపడీ నవ్వాను.

మొదటి బంతి నాకే దొరికింది. సెలెక్టర్ గారు చూస్తున్నారు కదా అని గాలివేగంతో దూసుకెళ్లి, బాస్కెట్ కింద ఆగి ఎగరబోయాను. ఆగడం కుదరలేదు. కాళ్లు వాటి దారిన అవి పోయాయి, వీపు నేలకి తగిలింది, బాస్కెట్ నా పైనుంచి వెళ్లిపోయింది. బంతి ఇంకా నా చేతుల్లోనే ఉంది. అతిథుల సోఫాలు దగ్గరికి వచ్చేస్తున్నాయి.

"తప్పుకోండి సార్!" అని అరిచాను.

సెలెక్టర్ గారు తప్పుకోలేదు, రెండు కాళ్లూ పైకెత్తారు. నేను ఆయన కిందుగా వెళ్లి సోఫాకి గుద్దుకుని ఆగాను. మైకులో కోటేశ్వరరావు గారి గొంతు మోగింది.

"చూశారా, మన రాయి! మనిషి అంత దూరం రాసుకుపోయినా ఒక్క గీత పడలా!"

తర్వాత మేం అయిదుగురం వంతులవారీగా జారాం. కాలేజీవాళ్లు మాత్రం నింపాదిగా నడిచి, నిలబడి వేసి, గెలిచి వెళ్లారు. సెలెక్టర్ గారు కారెక్కుతూ నా భుజం తట్టారు. "బాబూ, ఎప్పుడైనా నిలబడి ఆడితే కబురు చెయ్యి."

స్తంభం పక్కన నాన్న దిగులుగా నిలబడ్డాడు. "పాలిష్ ఇంకోసారి పట్టాల్సిందంటావా?" అని అడిగాడు.

రెండో రోజు మోచేతికి కట్టుతో మస్తాన్ సార్ ముందు నిలబడ్డాను. "తప్పయిపోయింది సార్. నన్ను మళ్లీ చేర్చుకుంటారా?"

సార్ జట్టు హాజరు పుస్తకం తీసి నా ముందు పెట్టారు. నా పేరు కొట్టేసి లేదు. దానికెదురుగా రెండు నెలల పొడవునా ఒకటే మాట. సెలవు, సెలవు, సెలవు.

"పోయావని ఎవరన్నార్రా? సెలవులో ఉన్నావు. లీవ్ లెటర్ ఇవ్వు."

ఆ మనిషికి అసూయ అన్నాను చూడండి! "కారణం ఏమని పెట్టమంటారు సార్? ఒళ్లు బాగాలేదనా?"

"అబద్ధం దేనికి? జారిపడ్డానని పెట్టు."

అలాగే పెట్టాను. మరుసటి ఏడు యూనివర్సిటీ జట్టులోకి వెళ్లాను, జెర్సీ వారం కాదు, మూడు రోజులే విప్పలేదు, అమ్మ ఊరుకోలేదు. కోటేశ్వరరావు గారి కోర్టు ఇప్పుడు ఫంక్షన్ హాలు.

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. కంఠంలో ప్రాణం ఉండగా, ఎంత మెరిసే నేల అయినా సరే, కాలి బొటనవేలితో రాసి చూడనిదే దాని మీద అడుగు వెయ్యను. పెళ్లిచూపుల్లోనూ ఒట్టు తప్పలేదు. వాళ్ల హాల్లో పాలరాయి. గుమ్మం దగ్గరే తల వంచుకుని, బొటనవేలితో నేల మీద అటూ ఇటూ రాస్తూ నిలబడిపోయాను. పెళ్లికూతురు అప్పటికే వచ్చి దర్జాగా కూర్చుని ఉంది. నన్ను ఎగాదిగా చూసి, వాళ్ల నాన్నతో చెప్పింది.

"ముందు ఆయన్ని లోపలికి తీసుకురండి నాన్నా, పాపం బాగా సిగ్గుపడుతున్నారు."