ఆళ్లగడ్డ మిద్దె, నా గడ్డపార

ఆ వయసులో మనిషికి తెలిసింది గోరంతే అయినా, దాన్ని ఎవరి నెత్తిన రుద్దుదామా అన్న ఆత్రం మాత్రం కొండంత ఉంటుంది. నంద్యాలలో సివిల్ డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో నేను అచ్చం అలాంటి మనిషిని. దారిన పోతూ ఏ ఇంటి గోడ చూసినా తప్పు పట్టేదాన్ని. (మా నాయన కట్టించిన వంటింటిని కూడా వదల్లేదు. మా అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు.) ఇళ్ల ప్లాన్లు గీసే ఒక సారు దగ్గర ఉద్యోగంలో చేరిన రెండో నెలలోనే ఆయన నన్ను ఆళ్లగడ్డకు పంపాడు. అక్కడి బజారులో ఒక పాత మిద్దె ఉంది. దాని ఆసామి దాన్ని పడగొట్టి కాంప్లెక్సు కట్టాలనుకుంటున్నాడు. ముందు భాగంలో గాజుల అంగడి పెట్టుకున్న ముసలామె కదలనంటోంది. మిద్దె శిథిలమైందని రాసిస్తే ఆమెను ఖాళీ చేయించడం సులువు. సారు రిపోర్టును ముందే టైపు చేయించి, కొలతల దగ్గర మాత్రం ఖాళీలు వదిలి నా చేతిలో పెట్టాడు. "పోయి నింపుకోని రా పాపా. ఆడ చూసేదానికి ఏం ల్యా" అన్నాడు. చూడకుండానే శిథిలమని ఎలా రాస్తారని ఆ రోజు నాకు ఒళ్లు మండి ఉండాల్సింది. మండలేదు. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు. నాకు ఒళ్లు మండింది మిద్దె మీద.

మండదా మరి? మూడేళ్లు నేను బట్టీ పట్టిన నియమాల్లో ఒక్కదాన్ని కూడా ఆ మిద్దె ఖాతరు చేయలేదు. వీధి వైపు నాలుగు టేకు కంబాలు, లోపల గోడల పక్కన ఇంకొన్ని. వాటి నెత్తిన చిలకలు చెక్కిన అడ్డకట్టెలు, వాటి మీద మనిషి నడుమంత లావు దూలం, దూలం మీద వరసగా వాసాల్లాంటి దంతెలు, ఆపైన మట్టి కప్పు. ఏ రెండు కంబాల మధ్య దూరమూ ఒకటి కాదు. దారానికి గుండు కట్టి వేలాడదీస్తే ఒక కంబం తూర్పుకు, ఇంకోటి పడమటికి ఒరిగి ఉన్నాయి. ఎక్కడా ఒక్క మేకు లేదు. ఒక కట్టెకు తొర్ర తొలిచి ఇంకో కట్టెను అందులో దూర్చారు, అంతే. అంగడికి మామూలు తలుపు కూడా లేదు. మూసేటప్పుడు నిలువు పలకల్ని ఒకదాని పక్కన ఒకటి గాడిలోకి తోసుకుంటూ పోవడమే. అన్నిటికంటే ఘోరం, ఆ కంబాలు నేలలో పాతి లేవు. రాళ్ల మీద ఊరికే నిలబెట్టి ఉన్నాయి.

అంగడిలో కూర్చున్న ముసలామెను ఊరంతా గాజుల బూబమ్మ అంటుంది. "ఏందవ్వా ఇది, కంబాలు రాయి మీద ఊరికే పెట్టినారు?" అని ఆమెనే నిలదీశాను, ఆమే కట్టించినట్టు.

"నువ్వు నేల మీద ఊరికే నిలబడల్యా? మోకాళ్ల దాకా పాతుకోని వచ్చినావా పాపా?" అంది, ఒక పెళ్లికూతురి తల్లి చెయ్యి పట్టుకుని గాజులు ఎక్కిస్తూ, నా వైపు తిరగకుండానే.

ఆ మాట నాకు అవమానంగా తోచింది. ఈ మిద్దె ఎంత చేతకానిదో ఋజువు చేసి తీరాలనుకున్నాను. సందు వైపు మట్టిగోడ అంతకుముందు వారం వానకు నాని, అడుగున పెచ్చులు రాలుస్తోంది. పునాది ఎంత లోతుందో చూద్దామని మూలనున్న గడ్డపార అందుకున్నాను. "ఆ గోడను పొడవాకు పాపా, పచ్చిగుండాది" అంది బూబమ్మ. నేను పొడిచాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి ఆ గోడ మొత్తం ఒక్కసారిగా సందులోకి పడుకుంది.

నేను చేసిన మొదటి ఇంజినీరింగు పని, గడ్డపార వదిలేసి పరుగెత్తడం. "మిద్దె కూలిపోతాంది, బయటికి రాండి" అని అరుస్తూ రోడ్డు మధ్యకు పోయి, అహోబిలం పోయే జీపుకు అడ్డం నిలబడ్డాను. జీపులోని భక్తులంతా దిగారు. అందరం కలిసి మిద్దె పడడం కోసం ఎదురుచూశాం. దుమ్ము అణిగింది. మిద్దె పడలేదు. లోపల పెళ్లికూతురి తల్లి లేవబోతుంటే బూబమ్మ "కదలాకు, గాజు చిట్లుతాది" అని ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని కూర్చుంది. దంతెలకు వేలాడుతున్న గాజుల సరాల్లో ఒక్క గాజు పగల్లేదు. గోడ ఉన్నచోట మాత్రం సందు అవతల ఉన్న మేక కనిపిస్తోంది.

ఆ గాజు ఎక్కించడం అయ్యాక బూబమ్మ నన్ను లోపలికి పిలిచింది. "గోడ పడింది గానీ మిద్దె పడిందా? గోడ ఉండేది ఎండకు, కుక్కలకు అడ్డం. మోసేటివి కంబాలు. నీకు ఇస్కూల్లో చెప్పల్యా?"

చెప్పలేదు. అదే నా కడుపుమంట. సిమెంటు గురించి, ఇనుము గురించి పేజీలకు పేజీలు చెప్పారు. మా అవ్వలు, తాతలు పుట్టి పెరిగిన ఇళ్లు ఎలా నిలబడ్డాయో ఒక్క ముక్క చెప్పలేదు. కాంక్రీటు స్తంభమైతే కళ్లు మూసుకుని గీస్తాను. అదే పని టేకు కట్టె చేస్తుంటే గుర్తుపట్టలేకపోయాను.

"పడేసినోళ్లే నిలబెట్టల్ల" అంది బూబమ్మ. చుట్టూ చేరిన జనం ఆమెకే వంత పాడారు. నేను సల్వారు మోకాళ్ల దాకా మడిచి, పడిన మట్టిలోనే నీళ్లు పోసి, పొద్దు వాలేదాకా తొక్కాను. ఇంకో ట్రిప్పుకు వచ్చిన అదే జీపు డ్రైవరు ఆగి, "ఇంజినీరమ్మా, బాగా తొక్కు, ఉండలు ఉండాయి" అని సలహా ఇచ్చి పోయాడు. (వాడి మీద కోపం ఈనాటికీ అలాగే ఉంది.) ముద్దలు చేసి మొదటి వరస పెట్టింది కూడా నేనే. కింది వరస ఎండిన కొద్దీ మిగతా వరసలు పెట్టడానికి నెలలో నాలుగు ఆదివారాలు నంద్యాల నుంచి బస్సెక్కి వచ్చాను.

ఇక రిపోర్టు. గోడ పడిన మరునాడే శిథిలం అన్న మాట కొట్టేసి, "సందు వైపు గోడను నేనే పూర్తిగా పడగొట్టి చూశాను. మిద్దె కదలలేదు. కట్టెలు గట్టిగా ఉన్నాయి" అని రాసి సంతకం పెట్టాను. సారు రెండుసార్లు చదివి, "నిన్ను కొలతలకు పంపితి, గోడలు కూలగొట్టేదానికి కాదు. రేపట్నించి రావాకు" అన్నాడు. ఆసామి ఇంకో ఇంజినీరును తీసుకొస్తే, బూబమ్మ నేనిచ్చిన రిపోర్టు నకలు చదివించి, ఆయన చేతికి గడ్డపార ఇచ్చి, "ఇంకా మూడు గోడలు ఉండాయి సారూ, నువ్వు గూడా పొడిచి సూడు" అందట. ఆయన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడట. ఆ తర్వాత ఆసామి కాంప్లెక్సు మాటే ఎత్తలేదు.

ఇప్పుడు నంద్యాలలో నాకూ ఒక చిన్న ఆఫీసుంది. నేను గీసిన ప్లాన్లతో ఊళ్లో చాలా ఇళ్లే లేచాయి. మొన్న చాగలమర్రికి పనిమీద పోయి వస్తూ ఆళ్లగడ్డలో దిగాను. మిద్దె అలాగే ఉంది, అదే ఒరుగుడుతో. బూబమ్మ లేదు. ఆమె మనవరాలు అంగడి చూసుకుంటోంది. నేనెవరో ఆ పిల్లకు తెలియదు. గాజులు వేయించుకుందామని కూర్చుని, సందు వైపు గోడకు వీపు ఆనించాను. ఆ గోడ నడుమ పొట్ట ముందుకు పొడుచుకొచ్చి ఉంది.

"ఆ గోడకు ఆనుకోవాకమ్మా" అంది ఆ పిల్ల. "మా అవ్వ చెప్పేది, దాన్నెవరో ఇంజినీరమ్మ కట్టిందంట."

నేను జరిగి, కంబానికి ఆనుకుని చెయ్యి చాపాను.