కోటు గీతల ముఖం

పారిస్‌లో, సెయిన్ నదికి ఎడమగట్టున ఉన్న బ్రికార్ గారి అచ్చుబొమ్మల దుకాణంలో జెలీ చాలా ఏళ్లుగా సైనికులకు కోట్లు తొడుగుతోంది. తొడగడమంటే కాగితంపై అచ్చు తీసే రాగిరేకు మీద ఉలితో గీతలు చెక్కడం. ఉన్నిగుడ్డకు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే గీతలు, బొత్తాలకు వంపులు, జరీకి మెలికలు. తుపాకి మోత ఎన్నడూ వినని ఆ మనిషి చేతిలోంచి ఎన్ని దళాలు కవాతు చేస్తూ వెళ్లాయో! అయితే ముఖం పని మాత్రం ఆమెది కాదు. అది ఆఖరున గురువే చెక్కాలన్నది ఆ వీధి దుకాణాల కట్టుబాటు. అందాకా సేనానులు ఛాతీ నిండా పతకాలతో, తల ఉండాల్సిన చోట ఉత్త రాగి మెరుస్తూ బల్ల మీద పడి ఉండేవారు.

ఆ ఏడు బ్రికార్ కళ్లకు పొర కమ్మింది. బల్ల మీద ఉన్నది సోల్ఫెరినో యుద్ధంలో పోయిన కెప్టెన్ అల్బాన్ లసెరాన్. ఎదురుగా పేరున్న చిత్రకారుడు వేసిన తైలచిత్రం. చెంపలు పింగాణీ నునుపు. కెప్టెన్ తల్లి దాన్ని చూసి, "ఎవరీ మైనపుబొమ్మ? మావాడు కాడు," అని మొహం తిప్పుకుందట. అచ్చులోనైనా కొడుకు కనిపిస్తాడేమోనని శుక్రవారం వస్తానంది.

"నువ్వే చెక్కు జెలీ," అన్నాడు ముసలాయన.

"ముక్కూ మూతీ నాకేం తెలుసు గురువుగారూ! బొత్తామైతే చెప్పండి."

"కళ్లు రెండూ బొత్తాలనుకో. ఊఁ, కానీ."

కూర్చుంది. చెంపకు ఏ గీత పడాలో చేతికి తెలియదు. తెలిసిన గీతే వేసింది.

శుక్రవారం పొద్దున తొలి అచ్చు తీశారు. తడికాగితం లేపి, భూతద్దం పెట్టి చూసి బ్రికార్ గావుకేక పెట్టాడు.

"ఓసి నీ దుంపతెగ! చెంపకు కంబళి కప్పావే! ఇది కోటు గీత!"

రాగిని గీకి చెరిపేద్దామని పనిముట్టు అందుకున్నాడు. అంతలో తలుపు తోసుకుని తల్లి వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. నేరుగా అచ్చు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఎన్నిసార్లు చెప్పాన్రా అల్బాన్," అంది ఆవిడ చివరికి, "రైలు దిగి తిన్నగా ఇంటికి రాకు, ముందు గడ్డం గీయించుకోమని!"

బొటనవేలితో ఆ గరుకు చెంప నిమిరింది. ఇంకా ఆరని సిరా వేలికి అంటింది.

బ్రికార్ పనిముట్టు కింద పెట్టి, టోపీ తీశాడు. జెలీ అచ్చు మీదికి వంగి చూసింది. తను చెక్కినవి ఉన్నిగీతలే. వాటి వెనకనుంచి ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

ఆవిడ కుర్చీ లాక్కుని కొడుకు ఎదురుగా కూర్చుంది.

"ఏమన్నా తిన్నావా?" అంది.