పెద్దమ్మ కొళాయి కింద తట్ట

జేబులో సెల్‌ఫోన్ ఉన్నవాడు మామూలు మనిషి కంటే ఒక మెట్టు పైనున్నట్టే లెక్కేసే ఆ రోజుల్లో, నాకు మెడలో వేలాడే గుర్తింపు కార్డు కూడా ఉండేది. ఇక నన్ను పట్టేదెవరు! బెంగళూరు కంపెనీ ఒకటి ‘స్మార్ట్ హోమ్’ అంటూ కొళాయికి బిగించే పెట్టె తయారుచేసింది. నీళ్లు రాగానే అది గణగణ మోగాలి. జనం దాన్ని ఎలా వాడతారో వాళ్ల ఇళ్లలోనే కూర్చుని చూసి రాసుకురావడం నా పని. ఉద్యోగం తాత్కాలికం; రిపోర్టు బాగుంటే పర్మనెంటు. బస్సెక్కే ముందు మా సారు చెప్పిన సూత్రం ఒక్కటే: “మాట్లాడొద్దు, సాయం చేయొద్దు, చూసి రాయి.” నేను కళ్యాణదుర్గంలో మా పెద్దమ్మ ఇల్లు ఎంచుకున్నాను. (పరిశోధనకు అనువైన ఇల్లని రాశాను. పెద్దమ్మ చేసే బొరుగుల ఉగ్గాని కోసమని రాయడానికి ఫారంలో గడి లేదు.)

ఆ వీధికి అటూ ఇటుగా తొమ్మిది రోజులకోసారి నీళ్లొచ్చేవి, అదీ ఒక గంట, ఏ రోజో, ఏ పూటో ముందుగా తెలియదు. మిట్టనున్న ఇళ్లకు నీళ్లు ఎక్కవు కాబట్టి అందరూ పల్లంలో ఉన్న పెద్దమ్మ కొళాయి దగ్గరే పట్టుకునేవాళ్లు. ఆమె కొళాయి తిప్పి ఉంచి, కింద స్టీలు తట్ట బోర్లించేది. ఎండిన గొట్టంలోంచి ముందు గాలి బుస్సుమంటుంది. దానికి ఆమె కదలదు. తట్ట మీద ధార పడి టంగుమన్నాకే వీధిలోకొచ్చి “నీళ్లొచ్చినాయి, రండమ్మో!” అని కేకేసేది. ఆ కేక ఏనాడూ తప్పలేదు. ఆ వీధిలో పెద్దమ్మకున్న ఆస్తీ అంతస్తూ ఆ కేకే.

పెట్టె బిగించి, తట్ట తీసేయమన్నాను. “మోగిందంటే నీళ్లే పెద్దమ్మా, ఇంక నువ్వు చెవులు రిక్కించుకోని కూర్చునే పని ల్యాదు” అని గొప్పలు కూడా పోయాను. “నువ్వు చెప్పినాక తీయకుండా ఉంటానా నాయనా” అని ఆమె తట్ట కడిగి అటక మీద పెట్టేసింది.

మర్నాడు పెట్టె మోగింది. పెద్దమ్మ కేకేసింది. వీధంతా బిందెలతో దిగింది. కొళాయి బుస్సుమని ఊరుకుంది. పెట్టె గాలికే మోగుతోందని నాకు అప్పుడే అర్థమైంది. (చిన్నప్పుడు సెలవులన్నీ ఆ వీధిలోనే గడిపినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా!) చెబితే పరీక్ష పాడవుతుంది. టైము చూసి రాసుకున్నాను. రెండోసారి మోగినప్పుడు పెద్దమ్మ గడప దగ్గర ఆగి, “ఒరే, గాలేమో చూడరా?” అంది.

“నేను చెప్పకూడదు పెద్దమ్మా.”

“ఏమప్పా, మౌనవ్రతమా? పోనీలే, అంత సదువుకున్నోళ్లు చేసిందానికి తెలీకుండా ఉంటాదా” అని మళ్లీ కేకేసింది. మళ్లీ గాలి. మూడోసారీ గాలే. మిట్ట మీద మొదటింటి మిషనక్క (బట్టలు కుట్టేది) ఖాళీ బిందె ఠక్కున కింద పెట్టి, “ఇంట్లో బాలింత కూతుర్నిడిసి వచ్చినా పెద్దక్కా. ఎగతాళికి నేనే దొరికినానా?” అంది. పెద్దమ్మ నా పేరెత్తకుండా ఆ బిందె తీసి ఆమె చేతికిచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం నిజంగానే నీళ్లొచ్చాయి. పెద్దమ్మ గొంతు చించుకుని అరిచింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. “నీ పెట్టె నీళ్లు నువ్వే పట్టుకో!” అని మిషనక్క లోపల్నుంచే అంది. అప్పుడు పెద్దమ్మ చెంబు నిండా నీళ్లు పట్టి, మోకాళ్ల నొప్పులతోనే ఆ మిట్ట ఎక్కింది. గడప గడపకూ చెంబు చూపించి, “ఇదో సూడండమ్మా, నీళ్లే, ఒట్టు” అంటూ తిరిగింది. ఇరవై మూడేళ్ల కాళ్లున్న నేను అరుగు మీద కూర్చుని, ‘వినియోగదారు ఇరుగుపొరుగుకు నీటిని చూపించారు’ అని రాశాను. నమ్మి ఆలస్యంగా దిగొచ్చినవాళ్లవి నాలుగు బిందెలు నిండేసరికి ధార సన్నగిల్లి ఆగిపోయింది. వాటిలో పెద్దమ్మది ఒక్కటీ లేదు. బాలింత కూతురి కోసం మిషనక్క మళ్లీ నీళ్లొచ్చేదాకా తోట బావి నుంచి మోసుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం పెద్దమ్మ అడుగంటిన కడవ వంచి నాకు టీ పెట్టింది. గ్లాసు చేతికిస్తూ, “నీ ఉద్యోగానికి బాగైనట్టేనా నాయనా?” అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

బాగానే అయింది. నా రిపోర్టు చదివి, జనం రాలేదంటే గంట మోత చాలలేదని తేల్చి, సార్లు పెట్టెకు ఇంకా పెద్ద గంట పెట్టారు. నన్ను పర్మనెంటు చేశారు. పెద్దమ్మ తట్ట మళ్లీ కొళాయి కిందికి దిగింది గానీ, ఆమె కేకకు ఎవరూ రాలేదు. చెంబులో నీళ్లు కళ్లారా చూస్తే తప్ప బిందె ఎత్తేవాళ్లు కారు. మంచాన పడేదాకా నీళ్లొచ్చిన ప్రతిసారీ ఆమె చెంబు పట్టుకుని ఆ మిట్ట ఎక్కింది.

మొన్న పాత కాగితాల్లో ఆ ఫారం కనబడింది. ఇరవై మూడేళ్ల ఆ కుర్రాడి దస్తూరి చూస్తే నవ్వొచ్చింది, ముత్యాల్లాంటి అక్షరాలు. చివరి గడిలో ‘ఇంకేమైనా గమనించారా?’ అని ఉంది. దాని కింద, ఎంతో గుండ్రంగా, ‘లేదు’ అని రాశాడు.