ఖంసేన్ గారికి క్షమాపణలు

ఇంకేవ్‌కి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఆయన దున్నపోతులకి క్షమాపణలు చెప్పుకుంటాడు.

ఇందులో వింతేముంది అని నాలోమ్ ఊళ్ళో ఎవరైనా అడగొచ్చు. దమ్ములూ నాట్లూ ముగిశాక ఏడాదికోసారి ఆ ఊరి రైతులంతా తమ దున్నల ముందు ఉడికించిన కోడి, జిగురన్నం, పూలు, కొవ్వొత్తులు, ఓ మోపు పచ్చగడ్డి పెట్టి, కొమ్ములకి తెల్లదారం చుట్టి, "కొట్టాను, తిట్టాను, ఎండలో తిప్పాను, మనసులో పెట్టుకోకు" అని చెప్పుకోవలసిందే. తాతల నాటి మర్యాద అది. కాకపోతే అందరికీ ఏడాదికోసారి వచ్చే ఆ రోజు ఇంకేవ్‌కి రోజుకి పదిసార్లు వస్తుంది. గడ్డి తడిసిందని ఒకసారి, ఈగలు ముసిరాయని ఒకసారి, వాన ఆలస్యమైందని మరోసారి. వాన ఆలస్యానికీ ఆయనకీ సంబంధమేమిటో ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేకపోయారు.

పైగా ఆ మన్నన ఒకటి. గ్రామపెద్దని "నువ్వు" అనే మనిషి దున్నని "మీరు" అంటాడు. కొట్టంలో ఉన్న ఏడింటిలోకీ పెద్దది, గులాబి రంగు ఒళ్ళూ తెల్లటి కనురెప్పలూ ఉన్న ఖంసేన్‌ని పిలవాలంటే "ఖంసేన్ గారూ" అనే పిలుస్తాడు.

మనుషులకి మాత్రం ఆయన జన్మలో క్షమాపణ చెప్పి ఎరగడు. ఓసారి ఆయన చేతిలోంచి రోకలి జారి భార్య బున్‌రువాన్ కాలి బొటనవేలి మీద పడింది. ఆయన ఆ వేలి వంక ఒకసారి చూశాడు, కొట్టంలోకి వెళ్ళాడు, వీధి చివరిదాకా వినపడేలా "ఖంసేన్ గారూ, నా చేతులు పడిపోను, మహా తప్పు జరిగింది" అన్నాడు. వేలు తనది, క్షమాపణ దున్నది, ఇదెక్కడి న్యాయమని బున్‌రువాన్ ఇరుగుపొరుగుతో వాపోయింది. వచ్చే జన్మలో ఈ మనిషి కొట్టంలోనే దున్నగా పుడతాననీ, అప్పుడైనా కాస్త గౌరవం దక్కుతుందనీ తీర్మానించుకుంది కూడా.

ఈ అలవాటువల్ల అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడింది ఇంకేవ్ మేనకోడలు ఫికున్. చియాంగ్‌మైలో ఓ హోటల్లో తొమ్మిదేళ్ళు పనిచేసి, ఆ హోటల్ మూతపడ్డాక ఊరికి తిరిగొచ్చిన అమ్మాయి. వచ్చి ఊరికే కూర్చోలేదు. దేశదేశాల నుంచి వచ్చేవాళ్ళని ఒక్కరోజు రైతులని చేసే పని మొదలుపెట్టింది. వాళ్ళకి నీలం నేతచొక్కాలు, వెదురు టోపీలు ఇస్తుంది. వాళ్ళు పొద్దున్నే దున్నల్ని కాలవకి తోలుకెళ్ళి ఒళ్ళు రుద్దుతారు, మేడి పట్టి దుక్కి దున్నుతారు, నడుములు పట్టేసేదాకా నాట్లు వేస్తారు, మధ్యాహ్నం గట్టుమీద కూర్చుని వెదురుబుట్టలోంచి జిగురన్నం చేత్తో తింటారు. దున్నడం నేర్పే గురువు ఇంకేవ్. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయన వేసినంత తిన్నని చాలు వేసేవాడు లేడు. ఈ మాట ఆయన అనడు, ఊరంతా అంటుంది.

కానీ ఆ గురువుగారికి ఒక నియమం ఉంది. వచ్చిన ప్రతి అతిథీ ముందు ఖంసేన్ ఎదుట నిలబడి, పేరూ ఊరూ చెప్పి, ఆ రోజు చెయ్యబోయే తప్పులన్నిటికీ ముందుగానే క్షమాపణ చెప్పుకోవాలి. గుమ్మాల్లో వంగి నడవవలసినంత పొడుగాటి జర్మనీవాడు చేతులు జోడించి ఖంసేన్‌కి తన ఉద్యోగం గురించి వివరిస్తుంటే, ఫికున్ మొహం టోపీ చాటున దాచుకుంది. ఓసారి జపాన్ నుంచి ఒక ముసలావిడ వచ్చింది. ఆవిడ ఎంత పద్ధతిగా వంగి క్షమాపణ చెప్పిందంటే, దున్న తరఫున ఇంకేవ్ తనూ వంగాడు. దానికి ఆవిడ మళ్ళీ వంగింది. ఇద్దరిలో ఎవరూ ఓడిపోవడానికి సిద్ధంగా లేకపోవడంతో ఆ రోజు అన్నం చల్లారిపోయింది.

ఊరి తిట్లమీద కూడా ఆయన పెత్తనం సాగింది. తెలివితక్కువ వాణ్ణి దున్నపోతు అనడం ఆ దేశంలో మామూలే. ఒక ఉదయం గ్రామపెద్ద తవిన్ మైకులో ఊరికి కబుర్లు చెప్పి, దాన్ని ఆపడం మరిచిపోయి, కాలవ కమిటీ మనిషిని దున్నపోతని తిట్టాడు. అది స్తంభాలకి కట్టిన పన్నెండు మైకుల్లో వినపడింది. గంట తిరక్కుండా ఇంకేవ్ ఆయన గుమ్మంలో ఉన్నాడు.

"అన్నది నువ్వు, పడింది వాడు. మధ్యలో ఖంసేన్ గారేం చేశారు?" అని అడిగాడు.

తవిన్ చెప్పులేసుకుని బయల్దేరాడు. కొట్టానికి వచ్చి దండం పెట్టుకున్నాడు, ఖంసేన్ ఆయన మొహం మీద తుమ్మింది. అప్పట్నుంచీ ఊళ్ళో ఎవరికైనా ఎవరిమీదైనా కోపమొస్తే ఇంజను నాగలి పేరు పెట్టి "ఇనప దున్న" అని తిట్టుకుంటున్నారు. చప్పుడెక్కువ, పేడైనా వెయ్యదు అని దానికి వివరణ.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఆ ఇనప దున్నలు వచ్చాకే అసలు దున్నలు తగ్గిపోయాయి. ఒకప్పుడు ఊళ్ళో రెండొందలుండేవి. కబేళా లారీ వచ్చినప్పుడల్లా నాలుగైదు ఎక్కిపోయి, చివరికి ఇంకేవ్ కొట్టంలో ఏడు మిగిలాయి. అవి కూడా నాలుగిళ్ళ వాళ్ళవి. ఏడాది పొడుగునా పని ఉంటేనే ఉంచుతామనీ, లేకపోతే ఈ నాట్లతో ఆఖరనీ ఆ నాలుగిళ్ళ వాళ్ళూ తేల్చి చెప్పేశారు. సరిగ్గా అప్పుడే బ్యాంకాక్ నుంచి యాత్రలు నడిపే రమిదా అనే ఆవిడ కబురు పంపింది. అయిదుగురు అతిథులతో వచ్చి చూస్తానంది. నచ్చితే ఏడాదంతా జట్లు పంపిస్తుంది. నచ్చకపోతే లారీ వస్తుంది.

ముందురోజు సాయంత్రం ఫికున్ మామ దగ్గర కూర్చుని నెమ్మదిగా మొదలుపెట్టింది. రేపొచ్చేవాళ్ళు పెద్దవాళ్ళనీ, రేపొక్కరోజు ఈ క్షమాపణల తంతు వద్దనీ, తనే దున్నించి చూపిస్తాననీ, ఆయన గట్టుమీద కూర్చుంటే చాలనీ చెప్పింది.

"ఒక్క మాట కూడా వద్దా?" అన్నాడు ఇంకేవ్.

"వద్దు మామా. నీకు దణ్ణం పెడతాను."

ఆయన తలూపి కొట్టంలోకి వెళ్ళాడు. కాసేపటికి అక్కణ్ణుంచి గొంతు వినపడింది. "ఖంసేన్ గారూ, రేపు నేను పలకరించకపోతే కోపమొచ్చిందనుకోకండి. మా అమ్మాయి చాలా కష్టపడుతోంది. నావల్లే దానికి నలుగురిలో తలవంపులుగా ఉందని ఇన్నాళ్ళూ గమనించుకోలేదు. తప్పు నాదే." ఫికున్ లేచి కొట్టం గుమ్మందాకా వెళ్ళింది. అయినా లారీ గుర్తొచ్చి మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు ఇంకేవ్ మాట నిలబెట్టుకున్నాడు. పులియబెట్టిన తేయాకు దవడనిండా కుక్కుకుని గట్టుమీద బుద్ధిగా కూర్చున్నాడు. అతిథులు దున్నల ఒళ్ళు రుద్దారు, ఖంసేన్ చెవి వెనక గోకితే కళ్ళు మూసుకుంటుందని తెలుసుకుని మురిసిపోయారు. రమిదా చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటూ రెండుసార్లు నవ్వింది కూడా. ఫికున్ లోపల్లోపల పొంగిపోయింది.

దుక్కి దగ్గరికి వచ్చేసరికి, అతిథులకి తానే ముందు చూపిస్తానంది రమిదా. ఇలాంటివి చాలాచోట్ల చూశాననీ, ఏమీ చెప్పనక్కర్లేదనీ మేడి అందుకుంది. పగ్గం బిగించి పడితే ఎడమకి, విదిలిస్తే కుడికి అని ఫికున్ చెప్పబోతే, తెలుసునని చెయ్యి ఊపింది. ఖంసేన్ కదలగానే ఆవిడకి భయమేసి పగ్గం బిగించి పట్టుకుంది. ఖంసేన్ ఎడమకి తిరిగింది. ఆవిడ మరింత బిగించింది. అది మరింత ఎడమకి తిరిగింది. అలా పెద్దమనిషిలా చెప్పినమాట వింటూ వింటూ గట్టు దాటి, పక్క పొలం ఆవిడ సుపా నారుమడిలోకి నాగలితో సహా నడిచింది. రేపో మాపో పీకి నాటవలసిన నారు సగం మడి మేర బురదలో కలిసిపోయింది. మేడి పట్టుకునే ఉన్న రమిదా ఆ నారుమీద బోర్లా పడి నాగలి వెంటే కాస్త దూరం జారుకుంటూ పోయింది.

తను తీసుకొచ్చిన అతిథుల ముందే అలా లేచి నిలబడవలసి వచ్చేసరికి ఆవిడకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "చెప్పినమాట వినదు. ఒట్టి దున్నపోతు" అంది.

నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా నడుములెత్తి ఇంకేవ్ వంక చూశారు. దున్నపోతుని దున్నపోతంటే తిట్టు కింద లెక్కా కాదా అని ఇద్దరు గుసగుసగా వాదించుకున్నారు కూడా. ఇంకేవ్ నోట్లో ఆకు ఉమ్మేసి లేచాడు. ఇప్పుడు ఈవిడ చేత దండం పెట్టిస్తాడు, అంతటితో ఏడింటికీ నూకలు చెల్లాయి అనుకుంది ఫికున్.

ఇంకేవ్ రమిదా వైపు చూడనుకూడా లేదు. ఖంసేన్ మెడమీద చెయ్యి వేసి, ఎప్పటిలాగే పొలమంతా వినపడేలా చెప్పడం మొదలుపెట్టాడు.

"ఖంసేన్ గారూ, తప్పంతా నాది. మీ పగ్గం పద్ధతి ఆవిడకి దగ్గరుండి నేర్పవలసినవాణ్ణి, గట్టుమీద కూర్చుని ఆకు నములుతున్నాను. పాపం మీరేమో లాగినవైపే తిరిగారు. ఆవిడేమో అంత దూరం నుంచి వచ్చి, తెల్లబట్టలతో బురదలోకి దిగారు. మన పిల్లలే దిగడం లేదు ఈ రోజుల్లో. పడిపోయినా మేడి వదల్లేదు, చూశారా? అంత పట్టుదలగల మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేశాను. సుపా నారు కూడా నా మూలంగానే పోయింది. రేపు తెల్లారేసరికి నా మడిలోంచి నూరు కట్టలు పీకి ఆవిడ గట్టున పెడతాను. సుపా ఏమంటుందో ఏమో."

అవతలి మడిలోంచి సుపా, నాటుతున్న చెయ్యి ఆపకుండానే, "కోపం లేదని చెప్పండి ఖంసేన్ గారికి. ఎనభై చాలు" అంది.

అప్పుడు తట్టింది ఫికున్‌కి. ఇంకేవ్ చెయ్యి ఖంసేన్ మెడమీద ఉంది, మాటలు మాత్రం రమిదాకి చేరుతున్నాయి. రోకలి పడ్డ రోజున కొట్టంలో ఆయన నిలబడింది సరిగ్గా వంటింటి కిటికీకి ఎదురుగా. తను హోటల్ పని పోయి పెట్టెతో ఊళ్ళో దిగిన రోజున తనతో ఒక్క ముక్క మాట్లాడకుండా, తను మెట్లమీద కూర్చుని ఉండగా, "చదువుకున్న పిల్లకి ఈ ఊళ్ళో పనేముంటుందని పట్నం తగిలేశాను ఖంసేన్ గారూ, నా బుద్ధి గడ్డి తింది, ఇక ఇది ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు" అని అరిచాడు. పొరుగువాళ్ళు వింటున్నారని ఆ రోజు తను సిగ్గుపడింది. మనిషి మొహంలోకి చూసి ఆ మాట అనలేక, అనకుండా ఉండలేక, ఆయన మధ్యలో ఒక దున్నని నిలబెట్టుకున్నాడు. ఎవరి తప్పయినా తన నెత్తిన వేసుకుని అవతలివాళ్ళని తలెత్తుకునేలా చేస్తున్నాడు. ఇది సుపాకి తెలుసు, బున్‌రువాన్‌కి తెలుసు, తుమ్ము తిన్న తవిన్‌కి కూడా తెలుసు. పక్కనే ఉండి తెలుసుకోలేనిది తనొక్కతే.

ఆయన ఏమంటున్నాడని అతిథులు అడిగారు. ఫికున్ ఒక్క ముక్క వదలకుండా వాళ్ళకి చెప్పింది. ఆయనెవరని ఒకావిడ అడిగితే, "మా అమ్మకి అన్న. మా మామ" అంది. ఇన్నేళ్ళలో ఆ మాట అంత గర్వంగా ఎప్పుడూ అనలేదు.

రమిదా మొహం మీది బురద తుడుచుకుంది. తర్వాత బురద చేతులు జోడించి ఖంసేన్ ముందుకి వెళ్ళింది. పగ్గం తప్పుగా పట్టింది తనేననీ, తప్పు మాట అన్నది కూడా తనేననీ చెప్పుకుంది. చెబుతున్నంతసేపూ చూపు ఫికున్ మీదా, సుపా మీదా ఉంది. ఆవిడ వెనకే అయిదుగురు అతిథులూ ఎవరూ చెప్పకుండానే వరసలో నిలబడ్డారు.

"వచ్చే నెల నుంచి వారానికి రెండు జట్లు పంపుదామనుకుంటున్నాను. ఖంసేన్ గారికి శ్రమ కాదంటేనే" అంది రమిదా చివర్లో.

ఇంకేవ్ దున్న మొహంలోకి చూసి ఆలోచించి, "ఆయన వారానికి ఒక్క జట్టునే చూస్తారు. వయసైంది. రెండోదాన్ని మిగతా ఆరుగురూ చూసుకుంటారు" అని తేల్చాడు. నాట్లవాళ్ళు పడీపడీ నవ్వారు. రమిదా ఆ మాట తు.చ. తప్పకుండా పుస్తకంలో రాసుకుంది.

అందరూ భోజనాలకి కూర్చున్నాక ఇంకేవ్ ఖంసేన్‌ని కాలవలోకి దించి ఒళ్ళు రుద్దుతున్నాడు. ఫికున్ చీలమండల లోతు నీళ్ళలోకి దిగి, దానికి ఇటువైపు నిలబడింది. అటువైపు మామ టోపీ అంచు మాత్రం కనపడుతోంది.

"ఖంసేన్ గారూ," అని గొంతెత్తింది, కాలవ అవతలి ఒడ్డుకి కూడా వినపడేలా. "మా మామని నోరు మూసుకుని కూర్చోమన్నాను. ఆయన్ని చూసి సిగ్గుపడ్డాను. తప్పు నాది. క్షమించాలి."

అటువైపు రుద్దుతున్న చప్పుడు ఆగిపోయింది. తర్వాత ముక్కు చీదిన చప్పుడు వినపడింది, అది దున్నది మాత్రం కాదు.

"అంత అరవకే అమ్మాయ్," అన్నాడు ఇంకేవ్. "ఆయనకేం చెవుడు లేదు."