ఇంకా నడవని పరీక్షకు ఎర్ర చుక్క

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయం అంతకంటే లేదు. తలుపు దానంతటదే మూసుకుంటే గాలి ఎటు నుంచి వచ్చిందో చూసే రకం నేను. ఈ సంగతికీ కారణం దొరికాక చెప్పుకుని నవ్వుకుందామనే ఇన్నాళ్లూ ఆగాను. దొరకలేదు.

కామారెడ్డిలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. కోడ్ మారినప్పుడల్లా మా బిల్డ్ సర్వర్ పరీక్షలు నడుపుతుంది. ఒక్కో విడతను రన్ అంటాం, దానికో నంబరుంటుంది. పాసైతే పచ్చ చుక్క, ఫెయిలైతే ఎర్ర చుక్క. ఆ చుక్కల చరిత్రను గ్రాఫ్‌గా చూపే ప్లగిన్, అంటే సర్వర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం, నా బాధ్యత. పేజీ నొక్కి, చాయ్ పెట్టుకుని తాగి వచ్చినా అది ఇంకా తిరుగుతూనే ఉండేది. తెరిచిన ప్రతిసారీ పాత ఫలితాలన్నీ మొదటి నుంచి చదివేది మరి. ఏ రన్ సారాంశం ఆ రన్ అయిపోగానే దాచిపెట్టేలా మార్చాను. నొక్కగానే తెరుచుకుంది. నా భుజం నేనే తట్టుకున్నాను.

మా కస్టమర్ కంపెనీ ఆసుపత్రులకు మందు ఎక్కించే పంపులు తయారుచేస్తుంది. నేను ప్లగిన్ మార్చిన వారమే ఎల్లారెడ్డి నుంచి మా అక్కను కాన్పుకు ఇక్కడికి తెచ్చారు. నెలలు నిండని పాప. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. పక్కనున్న పంపు ఆ కంపెనీదే. మేం పరీక్షిస్తున్న ఆ పంపుల కొత్త సాఫ్ట్‌వేర్ రెండు రోజుల తర్వాత సాయంత్రం పంపులన్నింటికీ వెళ్లాలి.

ఆ రోజు మధ్యాహ్నం గ్రాఫ్ చూస్తుంటే, చివరి పచ్చ చుక్క తర్వాత ఇంకో చుక్క ఉంది. ఎర్రది. మందు ఆగిపోతే అలారం మోగాలనే పరీక్షది. కింద రన్ నంబరు, పట్టిన సమయం కూడా ఉన్నాయి. ఆ నంబరు రన్ ఇంకా మొదలే కాలేదు.

ముందు నా కోడ్‌నే అనుమానించాను. దాచిన ఫలితాల్లో ఆ రన్ లేదు, సర్వర్‌లోనూ లేదు. సదాశివనగర్‌లో ఉండే మా టీమ్ లీడ్ రాజన్నకు ఫోన్ చేశాను. ఆయన తన లాప్‌టాప్‌లో తెరిచి చూశాడు.

“నాగ్గూడ కనబడుతుంది. నీ గ్రాఫ్ జాతకం చెప్పుడు గూడ నేర్సినట్టుంది,” అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. కాసేపటికి విడుదలకు ముందు జరిగే చివరి రన్ మొదలైంది. అదే నంబరు. అదే పరీక్ష ఫెయిలైంది. పట్టిన సమయం చివరి అంకె దాకా అదే.

కొత్త సాఫ్ట్‌వేర్ మొదలైనప్పటి నుంచి ఆ పరీక్ష అప్పుడప్పుడూ ఎర్రబడేది. మళ్లీ నడిపి, పచ్చగా రాగానే ముందుకు పోవడం మా అలవాటు. ఫోన్‌లో రాజన్న అదే అన్నాడు: “ఇంకోసారి నడిపియ్ చెల్లె, పచ్చగైతది.”

“నేనైతే నడపనన్నా. మా అక్క బిడ్డ గా పంపు మీదనే ఉన్నది.”

“సరే, ఆపుదాం తియ్,” అన్నాడు.

విడుదల ఆగింది. వెతికితే తప్పు నిజంగానే బయటపడింది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో, పంపు కరెంటు నుంచి బ్యాటరీకి మారాక మందు ఆగితే కొన్నిసార్లు అలారం మోగదు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. నేనక్కడ ఉండగానే కరెంటు పోయింది. ఇంకా పాత సాఫ్ట్‌వేర్‌తోనే ఉన్న పంపు బ్యాటరీకి మారింది. కాసేపటికి అలారం మోగింది. నర్సు పరుగున వచ్చి, మడతపడ్డ గొట్టాన్ని సరిచేసింది. నేను గోడకు ఆనుకుని ఏడ్చేశాను.

“ఏందే, గట్ల ఏడుస్తున్నవ్? పిల్ల మంచిగనే ఉన్నది కదా,” అంది అక్క.

రన్ మొదలుకాక ముందు తీసిన స్క్రీన్‌షాట్ ఇప్పటికీ నా దగ్గరుంది. కోడ్ ఎన్నిసార్లు చదివినా ఆ చుక్క ఎక్కడి నుంచి వచ్చిందో అంతుపట్టలేదు. ఆ సాయంత్రం మాత్రం, ఎవరికి పెడుతున్నానో తెలియకుండానే చేతులెత్తి దండం పెట్టుకున్నాను.