అడిగిన రంగు ఇవ్వని బావమరిది

పెయింట్ల షాపు ఓనరు గారి బావమరిదికి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరు ఏ రంగు అడిగినా ఆ రంగు ఇవ్వడు. ఇదే జబ్బు ఏ కరెంటు ఆఫీసు గుమాస్తాకో ఉంటే ఎవరికీ నష్టం లేదు. కానీ ఇతను ఆ షాపులోనే కౌంటర్ దగ్గర నిలబడి రంగులు కలిపే మనిషి.

పుట్టుకతో వచ్చిన జబ్బు కాదిది. ఇరవై ఏళ్లపాటు బుద్ధిగానే ఉన్నాడు. షేడ్ కార్డులో ఏ నంబరు చూపిస్తే ఆ నంబరు మిషన్‌లో నొక్కి, డబ్బా కుదిపించి, మూత మీద వేలితో అదే రంగు చుక్క పెట్టి చేతికిచ్చేవాడు. నలభై ఆరో ఏట ఏం పుట్టిందో, సాయంత్రం కాలేజీలో చిత్రకళ డిగ్రీకి చేరాడు. జబ్బు అక్కడ పట్టుకుంది.

మొదటి రోజు క్లాసులో అడుగు పెట్టగానే పిల్లలంతా లేచి, "గుడ్ ఈవినింగ్ సార్!" అన్నారు. వెనకాల ఎవరో సారు వస్తున్నారనుకుని ఇతనూ పక్కకి జరిగి నిలబడ్డాడు. అసలు సారు వచ్చేదాకా అందరూ అలా ఒకరికోసం ఒకరు నిలబడే ఉన్నారు. ఆ తర్వాత నాలుగేళ్లు వాళ్లందరికీ అతను అంకుల్.

"ఇంతకీ ఏం నేర్పుతున్నార్రా అక్కడ?" అని ఒకరోజు ఓనరు అడిగాడు.

"చూడ్డం నేర్పుతున్నారు బావా."

"ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని తిరిగావా?"

"నేను కాస్త తెరిచే ఉంచా. నీ సంగతే నాకు అనుమానం."

బావ సంగతి నిజంగానే అనుమానం. ముప్పై ఏళ్లుగా రంగులమ్ముతున్నా ఆయన లెక్కలో ఉన్నవి నాలుగే రంగులు: తెలుపు, నలుపు, ఎరుపు, తక్కినవి. చివరి ఏడాది బావమరిది పరీక్ష కోసం బావ ఇంటి హాల్లో గోడ మీద పదకొండు రకాల తెలుపులతో బొమ్మ వేశాడు. అక్కగారు మురిసిపోయి మొగుణ్ణి పిలిచింది. "ఏమండీ, మా తమ్ముడు ఎంత బాగా వేశాడో చూడండి!"

ఆయన గోడకేసి ఎగాదిగా చూసి, "ఎప్పుడు మొదలుపెడతాడు?" అన్నాడు.

పట్టా ఇచ్చే రోజున షాపు మూసి మరీ కుటుంబమంతా వెళ్లారు. వేదిక మీద పెద్దాయన పట్టా చేతికిచ్చి, "ఈ వయసులో! చాలా సంతోషం. ఏమైనా చెప్తారా?" అన్నాడు. బావమరిది తన నల్ల గౌను అంచు పట్టుకుని, "ఇది నలుపు కాదండీ. ముదురు ఆకుపచ్చ. మీది కూడా అంతే" అన్నాడు. ఆ పెద్దాయన ఆ తర్వాత పట్టా ఇచ్చిన ప్రతి ఒక్కరి గౌనూ అనుమానంగా చూశాడట.

డిగ్రీ చేతికొచ్చాక చుట్టాలు ఊరుకుంటారా? కనిపించిన చోటల్లా పట్టుకున్నారు.

"డిగ్రీ అయిపోయిందిగా, ఇప్పుడేం చేస్తున్నావ్?"

"రంగులు కలుపుతున్నానండీ."

"మరి డిగ్రీకి ముందో?"

"అప్పుడూ రంగులే కలిపేవాణ్ణి. కాకపోతే అడిగినవి."

మాటవరసకి అన్నది కాదు. నిజంగానే ఆ రోజు నుంచి కౌంటర్ దగ్గర విచారణ మొదలైంది. ఆ గదికి కిటికీ ఎటువైపు? ఎండ పొద్దున వస్తుందా, సాయంత్రమా? అందులో ఎవరు పడుకుంటారు, పడుకున్నాక నిద్ర పడుతుందా? డాక్టర్లు కూడా అన్ని ప్రశ్నలు వెయ్యరు. ఒకాయన పడగ్గదికి మంచి ఎరుపు కావాలన్నాడు.

"మీకు కోపం ఎక్కువా, ఆవిడకా?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇద్దరికీనండి."

"అయితే ఈ లేతాకుపచ్చ తీసుకెళ్లండి."

ఓనరు తల పట్టుకున్నాడు. ఆ మనిషి నెలలోపే మళ్లీ వచ్చి, "పడగ్గదిలో ప్రశాంతంగానే ఉందండీ. గొడవలన్నీ వంటింట్లోకి మారాయి, దానికీ ఇవ్వండి" అన్నాడు.

అతను ఓడిపోయింది ఒక్క పళ్ల డాక్టరు దగ్గరే. ఆ డాక్టరు తళతళలాడే తెలుపు అడిగితే, "ఆ గోడల పక్కన కూర్చున్నవాళ్లకి వాళ్ల పళ్లు ఉన్నదానికన్నా పచ్చగా కనిపిస్తాయండీ" అని హెచ్చరించాడు. డాక్టరు క్షణం ఆలోచించి, "అయితే రెండు డబ్బాలివ్వండి" అన్నాడు.

ఇలా నవ్వుతూనో ఏడుస్తూనో బండి నడుస్తుండగా పెద్ద ఆర్డరు వచ్చింది. ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు ఉండే నివాసం. ఒకే పొడుగాటి వసారా, అటు పన్నెండు గదులు, ఇటు పన్నెండు. తలుపులన్నిటికీ క్రీమ్ కలర్ కావాలని అక్కడి మేనేజరమ్మ ఫోన్ చేసింది. ఎంత పెయింటు పడుతుందో కొలిచి రమ్మని ఓనరు బావమరిదిని పంపాడు. పొద్దున వెళ్లినవాడు మధ్యాహ్నం దాటాక వచ్చాడు.

"ఇరవై నాలుగు తలుపులు లెక్కపెట్టడానికి ఇంతసేపా?"

"తలుపుల వెనకాల మనుషులున్నారు బావా."

"వాళ్లకి కూడా పెయింటు వెయ్యాలా?"

బావమరిది నవ్వి ఊరుకున్నాడు. అతను నవ్వి ఊరుకున్నప్పుడే భయపడాలని ఓనరుకి ఇరవై నాలుగేళ్ల అనుభవం చెప్పాలి. చెప్పలేదు.

నెల తిరిగాక పెయింటు వెళ్లింది. మూడో రోజు మేనేజరమ్మ ఫోన్ చేసింది. "ఏమండీ, రెండు రోజులు సెలవు పెట్టి వచ్చేసరికి ఇదేం పనండీ! నేనడిగింది క్రీమ్. ఇక్కడున్న రంగులకి నాకు పేర్లు కూడా తెలీవు. మీరే వచ్చి చూడండి!"

ఓనరు పెయింటరుకి ఫోన్ కలిపాడు. "చుక్కలు చూసుకోవద్దటయ్యా?"

"చూశాను సార్. ఇరవై నాలుగు డబ్బాలు, ఇరవై నాలుగు చుక్కలు. ఒక్కో డబ్బా మీద గది నంబరు కూడా రాసుంది. డిగ్రీ చదివినాయన రాసింది, నేనేం కాదంటాను?"

ఓనరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఇంక చాలు! ఇవాళ్టితో నీకు కౌంటర్ బంద్. రేపట్నుంచి గోడౌన్‌లో కూర్చుని ఖాళీ డబ్బాలు సర్దుకో!"

బావమరిది మొహం పాలిపోయింది. మిషన్ తుడిచి, షేడ్ కార్డులు వరసగా పేర్చి, ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించాడు. ఆ కౌంటర్ తప్ప అతనికి వేరే లోకం లేదని ఓనరుకీ తెలుసు. అయినా మెత్తబడలేదు.

ఇంట్లో భార్య ఒక్కటే మాటంది. "గోడౌన్‌కి కిటికీ కూడా లేదండీ." అని కంచం ఆయన ముందు కాస్త గట్టిగానే పెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఓనరు క్రీమ్ కలర్ డబ్బాలు, పెయింటరు, నోటినిండా క్షమాపణలు వెంటబెట్టుకుని నివాసానికి వెళ్లాడు. వసారాలో అడుగుపెట్టి ఆగిపోయాడు. ఏ రెండు తలుపులూ ఒక్కలా లేవు. ఆయన లెక్కలో ఉన్న 'తక్కినవి' అన్నీ ఒకేసారి ఎదురొచ్చి నిలబడ్డాయి.

పెయింటరు మొదటి తలుపు దగ్గర మూత తీశాడో లేదో తలుపు తెరుచుకుంది. రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు. "బ్రష్ కింద పెట్టు" అంది. పెయింటరు పెట్టాడు. ఓనరు కూడా చేతిలో ఉన్న సంచీ కింద పెట్టేశాడు.

"షాపు నుంచి వచ్చామండీ. పొరపాటున వేరే రంగులు వచ్చాయి, సరిచేద్దామని..."

"పొరపాటు ఇన్నాళ్లూ ఉన్నది. మూడేళ్లు అన్ని తలుపులూ క్రీమే. ఎదురుగది స్టేషన్ మాస్టరు గారు రోజూ మధ్యాహ్నం నా గదిలోకొచ్చి, నా మంచం మీద పడుకుని, 'ఎవరమ్మా మీరు, టికెట్ ఉందా?' అని నన్నే అడిగేవాడు."

"తలుపు మీద నంబరు ఉంటుంది కదండీ."

"నంబరు చదవాలంటే కళ్లజోడు కావాలి. కళ్లజోడు గదిలో ఉంటుంది."

ఓనరు జేబులో తన కళ్లజోడు ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

"ఆయన సిగ్గుపడి బయటికి రావడమే మానేశాడు. ఆయనే కాదు, ఏడెనిమిది మంది. వెళితే మళ్లీ తమ గదికి చేరతారో లేదోనని గదిలోనే భోజనం, గదిలోనే కాలక్షేపం. మీ షాపాయన తలుపులు కొలవడానికొచ్చి ఇది కనిపెట్టాడు. తర్వాత మూడు ఆదివారాలు వచ్చి అందరి దగ్గరా కూర్చున్నాడు. ఏ రంగు దూరం నుంచి కూడా గుర్తుపట్టగలరో అడిగి రాసుకున్నాడు. స్టేషన్ మాస్టరు గారికి పచ్చజెండా రంగు. మూలగది టైలరు గారికి ఆయన జీవితమంతా కుట్టిన స్కూలు చొక్కాల నీలం. అది కుదరడానికి నాలుగుసార్లు కలిపి తెచ్చాడు."

వసారా చివర ఒక పెద్దాయన పేపరు చంకలో పెట్టుకుని తాపీగా నడిచి వస్తున్నాడు. ఎవర్నీ అడగలేదు, ఎక్కడా ఆగలేదు. పచ్చ తలుపు తోసుకుని దర్జాగా లోపలికి వెళ్లిపోయాడు. ఓనరుకి ఇంత పని చేసి మాట కూడా చెప్పని బావమరిది మీద ముద్దూ కోపమూ కలిసొచ్చాయి.

ఇంతలో మేనేజరమ్మ వచ్చింది. ఓనరు చేతులు జోడించాడు. "మిమ్మల్నడక్కుండా వేయడం తప్పేనండీ."

"తప్పే. కానీ నా కోపం దానిక్కాదు" అని ఆవిడ తన ఆఫీసు తలుపు చూపించింది. అదొక్కటే పాత క్రీమ్ రంగులో ఉంది. "అందర్నీ అడిగి, నన్నొక్కదాన్నే అడగలేదు! ఆయన్నే పంపండి. నేనూ కూర్చుని చెప్తాను."

"ఇవాళే పంపిస్తానండీ" అని ఓనరు సంచీ తీసుకున్నాడు.

"ఒక్క మాట" అని హెడ్మిస్ట్రెస్ గారు ఆపింది. "మీ షాపులో ఆయన బావట, ఒకాయన ఉన్నాడట కదా? ఎవరేం అడిగితే అది డబ్బాలో పోసి పంపేస్తాడట. ముందే చెబితే ఆయన మళ్లీ క్రీమే పంపుతాడని మీ వాడి భయం. ఆ బావ మాత్రం మళ్లీ ఇలాంటి వాటిల్లో వేలు పెట్టకుండా చూడండి."

పెయింటరు చటుక్కున గోడవైపు తిరిగిపోయాడు. ఓనరు ఒక్క క్షణం తల గోక్కున్నాడు.

"మీకా బెంగ వద్దమ్మా" అన్నాడు. "ఆయన్ని ఇవాళ్టినుంచి గోడౌన్‌లో వేశాం."