మంద చెదరకుండా రాయకోట మీదుగా కృష్ణగిరికి

హోసూరు నుంచి కృష్ణగిరికి హైవే మీద బస్సులో గంటన్నర ప్రయాణం. మేం నలుగురం పొద్దున ఏడింటికి బయలుదేరి మధ్యాహ్నం ఒంటిగంట దాటాక చేరాం. దారి తప్పలేదు, బండి చెడలేదు. చెప్పాల్సిన మాట ఒకటి నోట్లో పెట్టుకుని, చెప్పే ధైర్యం చాలక, నేనే కావాలని అందరినీ చుట్టు తిప్పి తీసుకెళ్ళాను. ఎవరైనా ఈ దారిన వెళ్ళాలనుకుంటే నిక్షేపంగా వెళ్ళండి, చాలా బాగుంటుంది. మాట మాత్రం ఇంటి దగ్గరే చెప్పేసి బయలుదేరండి.

ముందు మా సంగతి చెబుతాను. బేరిగై, అత్తిముగం చుట్టుపక్కల పల్లెల్లో మేకలు, గొర్రెలు కాసుకునే కుటుంబాలున్నాయి. వాటికి టీకాలు వేయడం, నట్టల మందు తాగించడం, ఆ విద్య ఆ ఇళ్ళ ఆడవాళ్ళకు నేర్పడం మా చిన్న సంస్థ పని. మా ఆయనకు హోసూరు ఫ్యాక్టరీలో ఉద్యోగమొస్తే ఒంగోలు నుంచి వచ్చిన నేను ఇందులో ట్రైనర్‌గా చేరాను. సంస్థ పెట్టిన పెద్దాయన విశ్రాంతి తీసుకోవడంతో రెండేళ్ళ కిందట లీడర్‌నయ్యాను. నాతో ముగ్గురు. బేరిగై మునెమ్మక్కకు యాభై దాటాయి, ఊహ తెలిసినప్పటి నుంచి మంద వెంట నడిచిన మనిషి. అత్తిముగం కిట్టప్ప టీకాల పెట్టె మోస్తాడు, బండి తోలతాడు, మూడు భాషల్లో పోట్లాడగలడు. శిల్ప ఏ పల్లెలో ఏ మేకకు ఏం వేశామో ఫోన్‌లో ఎక్కిస్తుంది.

ఇక ఆ చెప్పాల్సిన మాట. ఇన్నాళ్ళు మాకు అండగా ఉన్న ట్రస్టు ఈ నెలాఖరుతో తప్పుకుంటోంది. కృష్ణగిరిలోని ఒక పెద్ద సంస్థ మా పనిని తనలో కలుపుకోవాలా వద్దా అని ఆలోచిస్తోంది. కలుపుకుంటే నలుగురినీ ఒక జట్టుగా ఉంచుతుందో, తలో మూలకు పంపుతుందో, అసలు వద్దే వద్దంటుందో ఆ రోజు మధ్యాహ్నం మూడింటి మీటింగ్‌లో తేలుతుంది. ఈ కబురు నాకు తెలిసి మూడు వారాలైంది. వాళ్ళకు మాత్రం "కృష్ణగిరిలో మీటింగ్ ఉంది, అందరం సరదాగా వెళ్దాం" అన్నాను. సరదా!

కృష్ణగిరికి రైలు లేదు. ధర్మపురి వెళ్ళే పాసింజరు ఎక్కి రాయకోటలో దిగి, అక్కడి నుంచి బస్సు పట్టాలి. మునెమ్మక్క పుట్టి బుద్ధెరిగాక రైలెక్కలేదు కాబట్టి ఈ వంక నాకు దొరికింది. రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి, గాలి తగులుతుండగా మెల్లగా చెబుదామని నా పథకం. టికెట్లు నలుగురికీ కలిపి అరవై రూపాయలు. ప్లాట్‌ఫాం మీద టీ తాగాం. ఏడున్నర దాటాక బండి వచ్చింది. మునెమ్మక్క చెప్పులు విడిచి, మెట్టుకు దణ్ణం పెట్టి ఎక్కింది. కిట్టప్ప పరుగున దిగి ఆ చెప్పులు తెచ్చాడు.

"రైల్లోకి చెప్పులేసుకోని పోతారా?" అని ఆమె ఆశ్చర్యపోయింది.

ఎదుటి సీట్లో ఇద్దరు. ఒకామె కనకాంబరాల బుట్టతో రాయకోట సంతకు వెళుతోంది. ఒక విజయనగరం కుర్రాడు నైట్ డ్యూటీ దిగి స్నేహితుడి పెళ్ళికి ధర్మపురి వెళుతున్నాడు. బండి కదిలిన కాసేపటికి కనకాంబరాల వాసనను కొట్టేస్తూ ఇంకో వాసన మొదలైంది. అది మునెమ్మక్క ఒళ్ళోని గుడ్డ మూట నుంచి వస్తోంది.

"అక్కా, ఆ మూటలో ఏటున్నాయి?" అన్నాడా కుర్రాడు ముక్కు మూసుకుని.

"పెంటికలప్పా. మా దొడ్లోవి."

మేక పెంటికలు పట్టుకుని మీటింగ్‌కు వస్తున్న ఉద్యోగిని నేను మొదటిసారి చూశాను. ఎందుకక్కా అని అడిగాను.

"మంద కొత్త దొడ్డికి మారేటప్పుడు పాత దొడ్డి పెంటికలు నాలుగు ఆడ చల్లాలమ్మా. తెలిసిన వాసనుంటే మేకలు బెదరకుండా పండుకుంటాయి."

"మనం ఎక్కడికి మారుతున్నాం?"

"అది నువ్వు చెప్పాల గదా," అంది ఆమె కిటికీలోంచి చూస్తూనే. "మూడు వారాలుగా గమ్మునుండావు. నువ్వు గమ్మునుండే మనిషివి కాదే!"

పూలామె పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, ఏడుపు ముఖంతో. అప్పుడైనా చెప్పాల్సింది. "రాయకోటలో చెబుతాను" అన్నాను. పిల్లి మెడలో గంట కట్టాల్సింది నేనే, పిల్లీ నేనే.

రాయకోటలో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. స్టేషన్ బయట ఇడ్లీ, వడ తిన్నాం, మనిషికి నలభై. ఊరి నెత్తిన కొండ, కొండ మీద పాత కోట. ఎక్కడానికి టికెట్ లేదు, మోకాళ్ళుంటే చాలు. నీళ్ళు కిందే కొనుక్కోండి, పైన దొరకవు. ఎండ ముదరకముందే దిగేయాలి. సగం ఎక్కేసరికి నాకు ఆయాసం ముంచుకొచ్చింది. ఒక బండ మీద చతికిలబడి, అక్కడే, ఊపిరి అందని గొంతుతో అంతా కక్కేశాను. ట్రస్టు, నెలాఖరు, మూడింటి మీటింగ్, అన్నీ.

కిట్టప్ప ఒక గులకరాయి తీసి లోయలోకి విసిరాడు.

"నేను కంపెనీకి ఇంటర్వ్యూకి పోయినాను మేడమ్," అన్నాడు. "ఒకటో తేదీ చేరమన్నారు. మీరు ఏమీ చెప్పకుండా ఉంటే, మమ్మల్ని పనిలోంచి నిలిపేస్తారేమో అనుకొంటిని."

"నేను బ్యాంకు పరీక్షకు ఫీజు కట్టినాను," అంది శిల్ప. ఆ అమ్మాయి కళ్ళు అప్పటికే నిండాయి.

జట్టు చెదిరిపోకూడదనే కదా దాచాను! దాచిన ఆ మూడు వారాల్లోనే, నా కళ్ళ ముందే, సగం చెదిరిపోయింది. ఏమనాలి ఈ తెలివితక్కువతనాన్ని? వాళ్ళకు క్షమాపణ చెప్పాను. బాగా సిగ్గేసింది.

మునెమ్మక్క నా పక్కన కూర్చుని చెంగుతో ముఖం తుడుచుకుంది. "ఇట్ల చూడమ్మా. పొదల్లో మంద తోలేటప్పుడు ముందర ఏముండాదో మనకే తెలీదు. మేత ఉండాదో లేదో, తోడేలుండాదో. అయినా నోరు మూసుకోకూడదు. కూస్తా ఉండాల. కూతలో సంగతేమీ ఉండదు, నేనీడుండా అని అంతే. గొంతు ఇనపడతా ఉంటే మేక తలెత్తదు, మేస్తాది. గొంతు ఆగిపోతే, ఒక్కోటి ఒక్కో దిక్కు."

అని ఊరుకోలేదు. లేచి నిలబడి, దోసిలి నోటికి పెట్టుకుని, కొండ దద్దరిల్లేలా కూసింది. హుర్రే హో, హో! కింద ఎవరిదో మంద మేస్తోంది. పరాయి గొంతు విని నలభై తలలు ఒక్కసారి పైకి లేచాయి. వాటి వెంట ఉన్న ముసలాయన కిందినుంచి నానా తిట్లు తిట్టాడు. శిల్ప ఏడుపు మధ్యలో పకాల్న నవ్వింది, కిట్టప్ప ఈల వేశాడు, నేను లేచి నా ఒంగోలు గొంతుతో కూశాను. మేకలు నన్ను లెక్కచేయలేదు. నవ్వీ నవ్వీ కడుపు నొప్పి పుట్టింది. రేపటి సంగతి ఏమీ తేలలేదు, అయినా మూడు వారాల తర్వాత మొదటిసారి నా ఒళ్ళు తేలికైంది. దిగేటప్పుడు దాదాపు గంతులేశాం.

పదకొండున్నరకు కృష్ణగిరి టౌన్ బస్సు. ఆడవాళ్ళకు టికెట్ ఉచితం కాబట్టి మా ముగ్గురికీ కండక్టర్ సున్నా చీటీలు ఇచ్చి కిట్టప్ప దగ్గర డబ్బులు తీసుకున్నాడు.

"ముగ్గురు ఆడోళ్ళను నేనే మోస్తా ఉండానన్నా, నాకు తళ్ళుబడి లేదా?" అన్నాడు కిట్టప్ప. తళ్ళుబడి అంటే ఇక్కడ తగ్గింపు.

"చీర కట్టుకోని రాప్పా, చూస్తాం," అన్నాడు కండక్టర్. బస్సంతా నవ్వింది. దారి పొడుగునా మామిడితోటలు, రోడ్డు పక్కన కాయల కుప్పలు. ఒంటిగంట దాటాక దిగి, బస్టాండు ఎదురుగా మెస్‌లో భోజనం చేశాం. తొంభై రూపాయలు, సాంబారు బాగుంది, మామిడికాయ ఊరగాయ ఇంకా బాగుంది.

పెద్ద సంస్థ ఆఫీసు డ్యాం వైపు వెళ్ళే రోడ్డులో ఉంది. ఆటో నూటఇరవై. గేటు దగ్గర కరివేపాకు చెట్టు మొదట్లో మునెమ్మక్క మూట విప్పి గుప్పెడు చల్లింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "ఏందమ్మా అది చల్లతా ఉండావు?" అన్నాడు. "ఎరువప్పా. దుడ్డేమీ ఈయబళ్ళే, ఊరకనే," అని ఇంకో గుప్పెడు వేసింది.

సరిగ్గా మూడింటికి లోపలికి పిలిచారు. కృష్ణగిరి తెలుగు మాట్లాడే డైరెక్టరమ్మ, పక్కన ఇద్దరు. నేను పద్నాలుగు స్లయిడ్లు తయారు చేసుకుని వెళ్ళాను. అందులో ఒకదాని నిండా గళ్ళు గీసి, కొత్త సంస్థలో ఎవరు ఏ పని చేయాలో రాశాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మూడో స్లయిడ్ దగ్గరే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఇదంతా ఉండనీండి. ముందర ఏమవుతాదో మీకే తెలీనప్పుడు మనుషుల్ని ఎట్ల నడిపిస్తారు? అది చెప్పండి."

దానికి నా దగ్గర స్లయిడ్ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మూడు వారాలు దాచానని, దాచినందుకు ఇద్దరు వెళ్ళిపోయేదాకా వచ్చిందని, ఈ పొద్దున కొండ మీద చెప్పానని. అది చెప్పడంతో మా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు మునెమ్మక్క, ఎవరూ అడగకుండానే, మంద సంగతి చెప్పింది. పోయిన ఏడాది బేరిగైలో రోగం పాకినప్పుడు ముందు ఏ ఇంటికి పోవాలో, ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో తానెలా తేల్చిందో చెప్పింది. ఆ తేల్చిందంతా ఆమే. నేను ఆ వారం ఫోన్లు చేసి మందు సీసాలు పంపించాను, అంతే. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఆ ముగ్గురిలో ఎవరూ ఫోన్ వంక చూడలేదు.

మమ్మల్ని బయట ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ పిలిచారు.

"నలుగురినీ విడదీయం," అంది డైరెక్టరమ్మ. శిల్ప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒకటే మాట. జట్టును మునెమ్మ నడిపిస్తాది. సరళా, మీరు దాంట్లోనే ట్రైనింగ్ చూడాల. మీకు సమ్మతమా?"

నాకు నచ్చలేదు. అబద్ధమెందుకు. రెండేళ్ళు లీడరమ్మా అనిపించుకున్న చెవులు. అందరూ నా ముఖమే చూస్తున్నారు. సమ్మతమే అన్నాను.

"నాకు సంతకం తప్ప రాసేది రాదే," అంది మునెమ్మక్క.

"రాసేదానికి మేముండాం," అంది శిల్ప.

అయిదున్నరకు హోసూరు బస్సు దొరికింది. ఎక్కేముందు బస్టాండులోనే కిట్టప్ప కంపెనీకి ఫోన్ చేసి రానని చెప్పేశాడు. శిల్ప మాత్రం పరీక్ష రాస్తానంది, రాయమన్నాం. రెండు కిలోల మామిడిపళ్ళు కొని బస్సులోనే సగం తినేశాం. కిట్టప్ప అత్తిముగం వెళ్ళడానికి శూలగిరిలో దిగుతూ "లీడరమ్మకు జై!" అని అరిస్తే బస్సులోవాళ్ళంతా ఎన్నికలేమో అనుకుని తొంగిచూశారు.

శూలగిరి దాటాక పొద్దు వాలుతోంది. శిల్ప నిద్రపోయింది. మునెమ్మక్క పక్కకు జరిగి నా మోచెయ్యి పట్టుకుంది.

"నీ మనసులో ఏముండాదమ్మా? దాచొద్దు."

ఒక్క రోజులో ఇంత దూరం తిరిగి, నలుగురం కలిసే ఉంటామని చంకలు గుద్దుకుంటున్నాం. తీరా చూస్తే ఉంటానో వెళ్తానో తేలని మనిషిని నేనొక్కదాన్నే. ఈసారి ఆలస్యం చేయలేదు.

"బాధగా ఉందక్కా," అన్నాను. "చాలా బాధగా ఉంది. సంతోషంగా కూడా ఉంది. రేపు పనికి వస్తాను. ఎన్నింటికి రమ్మంటారు?"

ఆమె నా మోచెయ్యి వదల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదాల మీద నవ్వు ఆగలేదు.

"పొద్దున అయిదున్నరకంతా బేరిగైలో ఉండు," అంది. "మేకలకు మన సంగతి తెలీదు, పొద్దు పొడిస్తే మేతకు పోతాయి."